కాల్చుకోడానికి తెచ్చిస్తానన్న బస్సు

మొన్న డిపోలో రిటైరైన వాళ్ళందరినీ పిలిచి శాలువాలు కప్పారు. టీ తాగేటప్పుడు కొత్తగా చేరిన కండక్టర్లు నలుగురు నా చుట్టూ మూగారు. "బాబాయ్, ఆ గడబిడ రోజుల్లో నువ్వు అడవి రూట్ల చేసినవంట గదా, ఏమన్న చెప్పు" అని పట్టుకున్నారు. ముఖాలు చూస్తేనే తెలిసిపోయింది, వీళ్ళకు తుపాకులు పేలాలి, నేను బస్సు కిందికి దూరాలి. నేను చెప్పబోయేదేమో ఒక బేరం సంగతి. అది కూడా చెడిన బేరం. సగం విని ఫోన్లలోకి పోయారు. వినేవాళ్ళు లేనప్పుడు రాసుకోవడం తప్ప ఇంకేం చేస్తాం. మీరైనా కాసేపు ఆ ఫోను బోర్లించి పెట్టండి.

మాది ఖమ్మంలో కిరాణా కుటుంబం. నాన్న, బాబాయిలు, మేనమామలు అందరూ తక్కెడ పట్టినవాళ్ళే. బేరంలో అడిగే ధర ఒకటి, అనుకున్న ధర ఒకటి, ఇక చాల్లే అని వదిలేసే ధర ఒకటి ఉంటాయని, మూడోది కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పకూడదని మాకు అన్నం తినిపిస్తూ చెప్పేవాళ్ళు. అంత విద్య నేర్చుకుని నేను సొంతంగా కొట్టు పెట్టి రెండేళ్ళలో మూసేశాను. బేరమాడటం వేరు, వ్యాపారం చెయ్యడం వేరు అని తెలిసేసరికి షట్టరుకు వేరేవాళ్ళ బోర్డు పడింది. అట్లా కండక్టరునయ్యాను. అట్లాగే, పైరవీ చేయించుకునే తెలివి కూడా లేక, ఎవరూ పోనన్న రూటు నా నెత్తిన పడింది.

భద్రాచలం నుంచి గోదారి వెంట పైకి పోయి, తారు రోడ్డు అయిపోయాక అడవిలోకి దిగి, ఛత్తీస్‌గఢ్ ఇంకో నాలుగు కిలోమీటర్లుందనగా ఆగిపోయే రూటది. ఇరవై ఏళ్ళ కిందటి మాట. పొద్దున పోయి, పదకొండు లోపు వెనక్కి రావాలి. మధ్యలో పోలీసు క్యాంపు. క్యాంపు దాటితే అన్నలు. పేపర్లు వాళ్ళకు వేరే పేర్లు పెట్టాయి, ఊళ్ళో మాత్రం అన్నలే. దాన్ని యుద్ధం అని ఎవరూ అనలేదు. అనకపోయినా ఆ ఊళ్ళు దానికి తగ్గట్టే లేచేవి, దానికి తగ్గట్టే పొయ్యి వెలిగించేవి.

అక్కడ బతకడం ఎట్లా ఉండేదో చెప్తాను, ఆ కుర్రాళ్ళు సరదా కావాలన్నారు కదా. క్యాంపు దగ్గర బస్సు ఆగితే అందరూ దిగాలి. మూటలు విప్పాలి. ఉప్పు ఎక్కువుంటే ఎవరికి అంటారు. టార్చి సెల్లులు రెండు దాటితే ఎవరికి అంటారు. కుర్రాడి కాళ్ళకు కొత్త చెప్పులుంటే ఎవరిచ్చారు అంటారు. దాంతో జనం కొత్త చెప్పులు కొనుక్కుని, క్యాంపు రాకముందే బస్సు ఇనుప అంచుకు వేసి అరగదీసేవాళ్ళు. ఒక గూడెం మొత్తానికి కావాల్సిన ఉప్పు ఒకామె సంతలో కొని, బస్సెక్కగానే ఏడెనిమిది మంది మూటల్లో సర్దేది. క్యాంపు దాటాక మళ్ళీ అందరి దగ్గరా వసూలు చేసేది. నా బస్సు వెనక సగం ఎప్పుడు చూసినా ఉప్పు పంచుకునే కొట్టులాగే ఉండేది. పుట్టి పెరిగిన ఇంటికి వచ్చినట్టుండేది నాకు.

ఇంకోటి వినండి. క్యాంపులో ఎవరినైనా మంచిగా, నెమ్మదిగా మాట్లాడి పంపారంటే వాళ్ళకు ఆ సాయంత్రం అన్నల దగ్గర లెక్క చెప్పుకోవాల్సి వచ్చేది, ఏం చెప్పి వచ్చినవని. అందుకని జనం పోలీసాయన్ని బతిమాలేవాళ్ళు. "సారూ, నలుగురు సూస్తున్నరు, నన్ను రెండు మాటలు తిట్టి పంపు" అని. ఆయనకు తిట్టడం రాక, ముఖం ఎర్రగా చేసుకుని, "పో అవతలికి" అనేవాడు. చాలదు ఇంకొంచెం అన్నట్టు నిలబడేవాళ్ళు. ఇదీ మా యుద్ధం. నన్ను కూడా రెండు వైపులా ఒకటే అడిగేవాళ్ళు, ఇయ్యాల ఎవరెక్కిండ్రు, ఎవరు దిగిండ్రు అని. టికెట్లు కొట్టుకుంటూ తలెత్తలేదు సార్ అనేవాణ్ణి ఇక్కడ. టికెట్లు కొట్టుకుంటూ తలెత్తలేదన్నా అనేవాణ్ణి అక్కడ. పదకొండేళ్ళు తలెత్తని కండక్టరును నేనే.

నా డ్రైవరుది పెనుబల్లి దగ్గర ఊరు. నాకంటే ఆరేళ్ళు పెద్ద, చర్చికి పోయే మనిషి. రోజూ స్టీరింగు మీద చెయ్యేసి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాడు, ఇంజను ఆన్ చేసి మరీ. ప్రార్థనేదో ముందే చేసుకుంటే డీజిల్ మిగులుతుంది కదన్నా అంటే, "దేవుడు నీలెక్క బేరం చెయ్యడు సేటు" అనేవాడు. సేటు అని ఆయన పెట్టిన పేరే. డిపో అంతా అదే పిలిచేది. ఎగతాళి అని తెలుసు, కానీ మా నాన్నను కూడా అట్లానే పిలిచేవాళ్ళు కాబట్టి వదులుకోబుద్ధి కాలేదు.

ఇక ఆ రోజు. అన్నలు రెండు రోజుల బంద్ పెట్టారు. రెండు రోజులూ బస్సు తియ్యలేదు. మూడోరోజు డిపోవాళ్ళు తియ్యమన్నారు. అదీ మామూలు బస్సు కాదు, ఆ నెలలోనే వచ్చిన కొత్త బస్సు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా పూర్తిగా పోలేదు. ఆ రూటుకు కొత్త బస్సు ఎందుకయ్యా అంటే, రోజూ పోయే బస్సుకు బ్రేకులు పట్టడం లేదు, గ్యారేజీలో ఉంది, ఒక్కరోజుకే కదా అన్నాడు మా మేనేజరు. ఆయన రెండేళ్ళు ఏ గొడవా లేకుండా గడిపి వరంగల్ వైపు బదిలీ చేయించుకుందామని చూస్తున్న మనిషి. కాగితం మీద లేనిది ఆయన లోకంలో జరగదు.

పోతుంటే వాగు మీది చప్టా దాటాక రెండు చెట్ల మధ్య ఎర్రగుడ్డ బ్యానరు కట్టి ఉంది. అది అడవి వైపు తిరిగి ఉంది, మాకు దాని వీపు కనపడింది. డ్రైవరు నెమ్మది చేశాడు.

"ఏందో రాసుంది సేటు."

"వచ్చేటప్పుడు సదువుదాం తియ్యన్నా, టైమైంది" అన్నాను.

టైము మీద నాకు అంత శ్రద్ధ అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు. బంద్ ఇంకో రెండు రోజులు పొడిగించినట్టు దాని మీద రాసి ఉంది. దాన్ని తిరుగు ట్రిప్పులోనే చదివాం. చదవడం పూర్తయ్యేలోపు చప్టాకు అడ్డంగా నరికిన చెట్టు కనపడింది.

ఆ రోజు బస్సులో ముప్పై మంది కూడా లేరు. బంద్ సంగతి ఊరికి తెలుసు. తెలిసీ మమ్మల్ని రావద్దని చెప్పేవాళ్ళు లేరు, చెబితే అన్నల దగ్గర అదొక తప్పు. వాళ్ళు ఎక్కింది ఒక పిల్ల కోసం. తొలిచూలు కాన్పు, ముందురోజు పొద్దున్నుంచి నొప్పులు. మంచం మీద మోసుకొచ్చి వెనక పొడుగు సీటు మీద పడుకోబెట్టారు, తల అత్త ఒళ్ళో. ఊరి పెద్ద కూడా ఎక్కాడు, భద్రాచలంలో కళ్ళు చూపించుకోడానికి. డెబ్బై ఏళ్ళుంటాయి. సన్నగా, గట్టిగా, భుజం మీద తువ్వాలతో ఉండేవాడు. ఎప్పుడూ టికెట్టు అడిగి తీసుకునేవాడు. ఆ రూట్లో అడిగి తీసుకునేది ఆయనొక్కడే.

చెట్ల చాటు నుంచి ఆరుగురు వచ్చారు. నాయకుడికి ముప్పై ఏళ్ళుంటాయేమో, మర్యాదస్తుడు. తుపాకి చూపించలేదు, చూపించాల్సిన పని లేదు. ఒకడి చేతిలో డీజిల్ డబ్బా ఉంది.

"కండక్టరన్నా, నీ సంచి తీసుకొని దిగు. నీతోని మాకు పని లేదు, బస్సుతోనే పని" అన్నాడు.

జనం దిగడం మొదలుపెట్టారు. ఏడుపులు లేవు, అరుపులు లేవు. మూటలు, కోళ్ళు, గడ్డపలుగులు వరుసగా కిందికి వచ్చాయి. సంతలో దిగినట్టే దిగారు. ఆ అలవాటు చూస్తే నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియకుండా. ఆ పిల్లను మాత్రం దించలేకపోయారు. అత్త ఫుట్‌బోర్డు మీదికి వచ్చి అడ్డంగా కూర్చుంది.

నాకు భయం లేదని కాదు. భయపడితే నాకు నోరు ఎక్కువవుతుంది. మొదట అడిగే ధర అడిగాను. బస్సు మొత్తం వదిలెయ్యమన్నాను. ప్రజల బస్సన్నా అన్నాను. నాయకుడు గడియారం చూసుకున్నాడు. వెనక సగం కాల్చండి, ముందు సగంతో పోతాం అన్నాను. నిజంగా అన్నాను, నవ్వకండి. డ్రైవరు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. పోనీ అద్దాలు పగలగొట్టండి, పేపర్లో ఫోటో బాగా వస్తుందన్నాను. లోపల ఆ పిల్ల మూలిగింది. అప్పుడు నా నోటికి మూడో ధర వచ్చేసింది.

"రేపు కాల్చుకోండ్రి. ఇయ్యాల ఆమెను దవాఖానాకు చేర్చనియ్యండ్రి. రేపు ఇదే బస్సు, ఇదే చప్టా కాడికి ఖాళీగ తోలుకొస్త. తీరుబడిగ కాల్చుకోండ్రి."

ఆరుగురూ నా వైపు చూశారు. నాయకుడు పెదవి కొరుక్కున్నాడు. ఆ పిల్లను దించి పొదల్లో పడుకోబెట్టి బస్సు కాల్చాడన్న మాట అతనికీ ఇష్టం లేదని కనిపెట్టాను. అంత మాత్రం మనిషిని చదవలేకపోతే నేను కిరాణా కొట్టు బిడ్డనే కాదు.

"మాటకు హామీ ఎవలు?" అన్నాడు.

మా బజారులో హామీ అంటే ఒక పేరు విసిరెయ్యడమే. ఫలానా ఆయన తెలుసు, ఫలానా ఆయన చెప్తాడు అంటాం. ఆ ఫలానా ఆయనకు ఆ సంగతే తెలియదు. ఆ అలవాటుతో చెయ్యి చాపి, "ఈ పెద్దయ్య హామీ" అన్నాను. ఆయన్ని అడగలేదు. అడగాలనే తోచలేదు.

పెద్దయ్య నన్ను చూశాడు. ఫుట్‌బోర్డు మీద కూర్చున్నామెను చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళతో తమ కోయ మాటలో ఏదో అన్నాడు, వాళ్ళు తలలు ఊపారు. తర్వాత నన్ను ఒక్క మాట అడిగాడు.

"ఇదే బస్సు తెస్తవా?"

"తెస్త పెద్దయ్యా."

ఆయన భుజం మీది తువ్వాల తీసి చప్టా గోడ మీద పరిచి, దాని మీద కూర్చున్నాడు. ఆ ఆరుగురే చెట్టును పక్కకు లాగారు. జనం మళ్ళీ ఎక్కారు. నేను విజిల్ నోట్లో పెట్టుకుని, ఎక్కు పెద్దయ్యా జల్దీ అన్నాను. ఆయన కదల్లేదు. డ్రైవరు కిటికీలోంచి వంగి మెల్లగా చెప్పాడు.

"ఆయన ఎక్కడు సేటు. వీళ్ళల్ల హామీ అంటే గదే. మాట తీరేదాక అవతలోళ్ళ కాడ కూసోవాలె."

విజిల్ నోట్లోంచి తీసేశాను. నాయకుడు నా దగ్గరికి వచ్చి, రేపు పన్నెండు దాటితే అడిగేది నిన్ను కాదన్నా అని, పెద్దయ్య వైపు చూసి వెళ్ళిపోయాడు.

భద్రాచలం చేరిన గంటకు ఆ పిల్లకు కాన్పయింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగున్నారన్నారు. ఆ అత్త నా రెండు చేతులూ పట్టుకుంది. అప్పటికే నా ధ్యాస డిపో మీద ఉంది.

మేనేజరు ముందు బస్సు చుట్టూ తిరిగి, గీత కూడా పడలేదని చూసుకుని, నా భుజం తట్టాడు. రేపటినుంచి ఆ రూటు రద్దు అన్నాడు. అప్పుడు చెప్పాను రేపటి సంగతి. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏమని రాస్తావు? కాల్చడానికి కొత్త బస్సు ఒకటి మంజూరు చెయ్యండి అని రాస్తావా? రాయి, నేను పైకి పంపుతా."

"రాసే సంగతి కాద్సార్. అక్కడ ముసలాయన కూర్చున్నడు."

"ఆయన్ని కూర్చోబెట్టింది నేను కాదు."

ఆ మాట నిజం. అందుకే కోపం వచ్చింది. పోలీసులకు చెబుదామా అన్నాడు ఆయనే. వద్దని కాళ్ళు పట్టుకున్నంత పనిచేశాను. చెబితే ఖాళీ బస్సులో ముప్పై మంది పోలీసులు తలలు వంచుకుని కూర్చుని వస్తారు, చప్టా మీద పెద్దాయన రెండు వైపుల మధ్య ఉంటాడు. మేనేజరు అది మాత్రం అర్థం చేసుకున్నాడు. కొత్త బస్సును మర్నాటి ఖమ్మం సర్వీసుకు వేసి, ఇక మాట్లాడొద్దన్నాడు.

బయటికి వస్తుంటే గ్యారేజీ వెనక, పిచ్చిచెట్ల మధ్య తుక్కు కింద తీసి పడేసిన బస్సు కనపడింది. వేలంపాటకు ఎదురుచూస్తోంది. సీట్లలో సగం లేవు, ముందు అద్దం పగిలి ఉంది. కానీ ఇంజను ఉంది. నా బుర్రలో తక్కెడ కదిలింది. బస్సు కావాలన్నారు, ఇది బస్సే. కాలితే మేనేజరుకు వేలం బాధ పోతుంది. పెద్దయ్య లేచి ఇంటికి పోతాడు. అందరికీ లాభమే. ఇంత మంచి బేరం నా జన్మలో కుదరలేదనుకున్నాను.

డ్రైవరుకు నచ్చలేదు. "తీసుకపోతే ఆ బస్సే తీసుకపోవాలె. లేకుంటే ఒట్టి చేతులతో పోయి ఇయ్యలేదని చెప్పాలె. గీ తుక్కు తీసుకపోవుడేంది?" అన్నాడు. నేను వినలేదు. మళ్ళీ మేనేజరు దగ్గరికి పోయి, ఆ పాత బస్సును రిపేరు చేసి ట్రయల్ రన్‌కు తీసుకుపోతామన్నాను. ఆయన అవునని అనలేదు, కాదని అనలేదు. లేచి, డిపో టాయిలెట్లు ఎట్లా ఉన్నాయో చూసి చాలా రోజులైందని చెప్పి అటువైపు వెళ్ళిపోయాడు. మా దగ్గర అనుమతి అంటే అదే.

మెకానిక్ ఫోర్‌మన్ సాయంత్రం దాకా దాని మీద పడి, దాన్నీ నన్నూ కలిపి తిట్టి, మొత్తానికి కదిలేట్టు చేశాడు. మర్నాడు తొమ్మిదికి బయల్దేరాం. ఇరవై దాటితే పొగ, ముప్పై దాటితే తలుపు ఊడేట్టుంది. క్యాంపు దగ్గర ఆపి, ఎక్కడికని అడిగారు. రిపేరు చేసిన బస్సు, ట్రయల్ రన్ అన్నాను. పోలీసాయన బస్సును చూసి, దీన్ని తేవడానికి ఇంకోటి రావాలి అని నవ్వి వదిలేశాడు.

చప్టా దగ్గరికి పదకొండున్నరకు చేరాం. పెద్దయ్య అదే తువ్వాల మీద, అట్లానే కూర్చుని ఉన్నాడు. నిన్నటి నుంచి లేవలేదేమో అనిపించింది. నాయకుడూ వాళ్ళ మనుషులూ నీడలో ఉన్నారు. బస్సు ఆగగానే లేచి వచ్చి చుట్టూ తిరిగారు. ఒకడు టైరును తన్నాడు.

"నిన్న సూపెట్టింది గిదేనా అన్నా?" అన్నాడు నాయకుడు. గొంతు మారింది.

నేను మొదలుపెట్టాను. పైవాళ్ళు ఇవ్వలేదన్నాను. బస్సు బస్సే అన్నాను. కాలేది ఏదైనా ఒక్కతీరే కాలుతుంది, పేపర్లో బస్సు దగ్ధం అనే వస్తుంది, దాని వయసు రాయరన్నాను. అతను చుట్టూ చూశాడు. పట్టపగలు, రోడ్డు మీద ఇంతసేపు నిలబడటం అతనికీ ఇష్టం లేదు. చివరికి చెయ్యి విదిలించి, "సరే తియ్యి. పెద్దయ్యా, లే, ఇంటికి పో" అన్నాడు.

కుదిరింది బేరం.

పెద్దయ్య లేవలేదు.

"ఇది ఆ బస్సు గాదు" అన్నాడు.

నాయకుడు మళ్ళీ చెప్పాడు, మేము ఒప్పుకున్నాం పెద్దయ్యా, నువ్వు పో అని. పెద్దయ్య తల అడ్డంగా ఊపాడు. వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ సంగతి, నేను ఆ బస్సుకు కూర్చున్నాను, ఆ బస్సు రాలేదు అన్నాడు. కోపంగా కూడా అనలేదు. పంచాయతీలో హద్దు రాయి ఎక్కడుందో చెప్పినట్టు చెప్పాడు. నాయకుడికి చెమటలు పట్టాయి. క్యాంపు నుంచి ఎవరైనా వస్తే అతని ప్రాణం, మా ప్రాణం, అన్నిటికన్నా ముందు నడిమధ్యలో కూర్చున్న ఈయన ప్రాణం పోతాయి. ముందురోజు బస్సు కాలుస్తానన్నవాడూ, వద్దన్న నేనూ ఇప్పుడు ఒక పక్కన చేరి, చెరో భుజం దగ్గరా నిలబడి, లే పెద్దయ్యా, లే అని బతిమాలుతున్నాం. అతను ఒక మాట మానేస్తే నేను అందుకుంటున్నాను. ఒకే కొట్టులో గుమాస్తాలం అయ్యాం. విసుగుతో ఏడుపొచ్చింది నాకు.

"ఆ పిల్లకు ఏమాయె?" అని అడిగాడు పెద్దయ్య మధ్యలో.

"కాన్పయింది. ఆడపిల్ల. ఇద్దరు బాగున్నరు."

"మంచిగైంది" అన్నాడు. మళ్ళీ రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు, ఆ కొత్త బస్సు ఇప్పుడో ఇంకాసేపటికో వస్తుందన్నట్టు.

చివరికి డ్రైవరే ఆయన ముందు గొంతుకూర్చుని అడిగాడు, బస్సు రాదు పెద్దయ్యా, రాకపోతే మీ కట్టుబాటు ప్రకారం ఎట్ల లేస్తరు అని. ఆయన నా వైపు చెయ్యి చూపించాడు. మాట ఇచ్చినోడు నలుగురి ముందు మాట తప్పినా అని చెప్పాలె, అప్పుడు హామీ తీరుతది అన్నాడు.

ఇంతేనా అనుకున్నాను మొదట. నోరు తెరిచాను. రాలేదు. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనని మాట అది. ధర తగ్గిస్తాం, తూకం సరిచేస్తాం, పొరపాటు అంటాం, మళ్ళొచ్చినప్పుడు చూద్దాం అంటాం. తప్పిన అనం.

"తప్పలే పెద్దయ్యా. కొంచెం మారింది, అంతే" అన్నాను.

"మారిందా, తప్పిందా?"

"పైవాళ్ళు ఇయ్యకపోతే నేనేం జేస్త..."

"నిన్న మాట ఇచ్చింది పైవాళ్ళా?"

నాయకుడు అసహనంగా గడియారం చూస్తున్నాడు. కట్టెల మోపులెత్తుకుని పోతున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆగి చూస్తున్నారు. డ్రైవరు లేచి నా పక్కకు వచ్చి, "చెప్పు" అన్నాడు. సేటు అనలేదు.

"తప్పిన" అన్నాను.

"ఇనపడలే."

"నేను మాట తప్పిన పెద్దయ్యా. ఆ బస్సు తెస్త అన్న, తేలే. నిన్ను అడగకుంట కూసోబెట్టిన" అన్నాను, ఆ చప్టా మీద ఉన్న వాళ్ళందరికీ, ఆ కట్టెల ఆడవాళ్ళకు కూడా వినపడేట్టు.

పెద్దయ్య లేచాడు. తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నాడు. మోకాలు పట్టేసినట్టుంది, రెండడుగులు కుంటి, తర్వాత సరిగ్గా నడిచాడు. కట్టెల ఆడవాళ్ళ వెనక బాట దిగి ఊరివైపు వెళ్ళిపోయాడు.

బస్సు కాల్చారు. లోపల కాలడానికి పెద్దగా ఏమీ లేక సగం డీజిల్ వృథా అయింది. మేమిద్దరం క్యాంపు దాకా నడిచాం, డ్రైవరు ముందు, నేను వెనక. డిపోలో నాకు సంజాయిషీ మెమో వచ్చింది, ట్రయల్ రన్‌కు అడవిలోకి ఎందుకు పోయావని. జవాబు రాశాను, అది చదివి మేనేజరు దాచుకున్నాడు. ఒక ఇంక్రిమెంటు ఆగింది. ఆయన బదిలీ ఆగలేదు.

నాలుగు నెలల తర్వాత రూటు మళ్ళీ తెరిచారు. మొదటి ట్రిప్పుకే పెద్దయ్య ఎక్కాడు, అదే కళ్ళ పనికి. ఎప్పటిలాగే చెయ్యి చాపి టికెట్టు అడిగాడు. బాగున్నారా అన్నాను. బాగున్న అన్నాడు. ముఖంలో కోపం వెతికాను, కనపడలేదు.

"ఇది భద్రాచలం దాక పోతదా?" అన్నాడు.

ఆ రూట్లో బస్సు పోయేది అక్కడికే, ఆయన ముప్పై ఏళ్ళుగా ఎక్కేది దానికే. "పోతది పెద్దయ్యా" అన్నాను టికెట్టు చింపి ఇస్తూ.

ఆయన టికెట్టు తీసుకుని, నన్ను దాటుకుని ముందుకు పోయి, డ్రైవరు సీటు వెనక కడ్డీ పట్టుకుని వంగాడు.

"భద్రాచలం దాక పోతదా?"

"అవ్ పెద్దయ్యా, పోతది" అన్నాడు డ్రైవరు.

అప్పుడు కూర్చున్నాడు.